పంటికి మొదలు చిగురు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్నొక ప్రసంగము చేయుమని పెద్దలు కోరిరి. నేను పద్దులు వ్రాసికొనువాడను. గ్రామపు లెక్కలే నా వృత్తి. తీరికవేళల గురువు లేకయే, నిఘంటువును ప్రక్కన బెట్టుకొని, ప్రాచీనగ్రంథములు చదువుకొనుట నా వ్యసనము. కావున ఏ ప్రబంధమును గూర్చియో మాటలాడుదునని మీరనుకొనియుందురు. చిగుళ్ళను గూర్చి మాటలాడెదనని చెప్పగానే ఒకరిద్దరు నవ్విరి. నవ్వినవారిలో ఒకరికి ముందుపండ్లు లేవు. అప్పుడే ఈ విషయమును విడువరాదని నిశ్చయించుకొంటిని.

సాయంకాలము మన పఠనమందిరపు అరుగుమీద కూర్చుండువారిని చూడుడు. ఏబది దాటినవారిలో వేయించిన బుడ్డలను నమలగలవారెందరు? జొన్నరొట్టెను పులుసులో నానవేయక తినగలవారెందరు? అడిగినచో “వయసైపోయినది గదా” యందురు. తల నెరసినట్లే పండ్లును ఊడునని మనవారి నమ్మకము. అది నిజము కాదు. పెద్దవారిలో పండ్లూడుటకు ముఖ్యకారణములు రెండు: పుచ్చు ఒకటి, చిగుళ్ళవ్యాధి మరియొకటి. పుచ్చిన పన్ను నొప్పిపెట్టి, నిద్ర చెరచి, మనలను వైద్యునియొద్దకు ఈడ్చుకొనిపోవును. చిగుళ్ళవ్యాధి అట్లు కాదు. అది యౌవనముననే మొదలై, నొప్పి యెరుగనీయక, మూడు నాలుగు దశాబ్దములు లోలోపల పనిచేసికొని, ఏబదియవ యేట పండ్లు కదలినప్పుడు బయటపడును. మనము చిట్టచివరి పుటను మాత్రము చూచి వయసును నిందింతుము.

ఇది ఏ కొందరి గొడవయో యనుకొనకుడు. 2002-03లో భారత దంతవైద్య మండలి దేశమంతట జరిపిన పరిశీలనలో 35 మొదలు 44 ఏండ్ల వయసువారిలో నూటికి దాదాపు 90 మందికి ఏదో యొక రూపమున చిగుళ్ళజబ్బు కనబడినది. ప్రపంచమున నూరుకోట్లకు పైబడిన జనులకు ఈ వ్యాధి తీవ్రరూపమున ఉన్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో ప్రకటించినది.

తెలుగుభాషలో ఒక చమత్కారమున్నది. కొమ్మ కొనయందు పుట్టిన లేతయాకును చిగురందుము. పంటి మొదట నున్న మెత్తని కండను సైతము చిగురనియే యందుము. రెండును లేతవి, రెండును ఎఱ్ఱనివి. అయితే ఆరోగ్యముగల పంటిచిగురు ముదురెఱుపు కాదు. కొందరికి లేతగులాబి రంగు, కొందరికి నలుపు కలసిన రంగు. మన యెండలలో పుట్టినవారికి నల్లని మచ్చలుండుట సహజమే, దానికి వెఱవనక్కరలేదు. రంగుకన్న ముఖ్యమైనవి రెండు: తాకినచో గట్టిగా నుండవలెను, రక్తము రాకూడదు.

పన్ను దవడయెముకలో మేకువలె దిగగొట్టబడి యుండదు. పంటివేరునకును ఎముకకును నడుమ సన్నని నారపోగులు వేనవేలు ఉండి దానిని పట్టుకొనియుండును. ఈ యెముకను, పోగులను కాపాడుచు పైన కప్పియున్న పట్టీయే చిగురు. చిగురంచునకును పంటికిని నడుమ సన్నని గాడి యొకటి యుండును. ఆరోగ్యవంతునకు దాని లోతు మూడు మిల్లీమీటర్లకు మించదు. వ్యాధి యంతయు ఈ గాడిలోనే పుట్టును.

కె.సి. కాలువక్రింద సేద్యము చేయువారికి నేను గట్టు సంగతి చెప్పనక్కరలేదు. గట్టు పైకి పచ్చగడ్డితో నిండుగా కనబడును. లోపల ఎలుక బొరియ చేసియుండును. నీరు ఆ బొరియలో చేరి రాత్రింబవళ్ళు మన్ను కరగించును. గండి పడిన నాడు గాని ఎవరికిని తెలియదు. చిగురు గట్టు, బొరియ ఆ గాడి. మరి ఎలుక యేది?

అది పాచి. ప్రొద్దున లేచినప్పుడు పండ్లమీద నాలుకకు జారుడుగా తగులునదే. ఇది కేవలము అన్నపు మురికి యని మనమనుకొందుము గాని, ఇందులో నున్నవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. హాలండుదేశమున లేవెన్‌హోక్ అను బట్టలవర్తకుడు తాను చేసికొన్న భూతద్దముతో తన పండ్లపాచినే పరిశీలించి, అందు కదలాడు జీవులను చూచి ఆశ్చర్యపడి, 1683లో లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. అతడును నావలె పట్టములేని పాఠకుడే యని తలచుకొన్నపుడు నాకు కొంత గర్వము కలుగును.

ఈ పాచిని తుడువక విడిచినచో ఉమ్మిలోని సున్నపుధాతువులు దానిలో దిగి కొద్దిదినములలోనే గట్టిపడును. దానినే మనవారు గార యందురు. క్రిందిదవడ ముందుపండ్ల వెనుకభాగమునను, పైదవడ దంతములకు బుగ్గవైపునను గార అధికముగా పట్టును. ఉమ్మి ఊరునట్టి నాళములు అచ్చటనే తెరచుకొనుటయే కారణము. ఇప్పుడే మీ నాలుకకొనను క్రింది ముందుపండ్ల వెనుకకు ఆనించి చూడుడు. గరుకుగా తగిలినచో అది గారయే.

పాచియే కారణమని ఎట్లు తెలిసినదనగా, హెరాల్డ్ లో అను పండితుడు డెన్మార్కుదేశమున ఆర్హుస్ నగరములో ఒక పరీక్ష చేసి 1965లో ప్రకటించెను. ఆరోగ్యముగల చిగుళ్ళున్న 12 మంది, వారిలో పెక్కుమంది దంతవైద్య విద్యార్థులే, పండ్లు తోముట మానివేసిరి. పది దినములు మొదలు ఇరువదియొక్క దినములలోపల ఒక్కరైనను మిగులక అందరి చిగుళ్ళును వాచినవి. మరల తోముకొన మొదలిడగా సుమారు వారము దినములలో అవన్నియు చక్కబడినవి. ఈ పరీక్షలో మనకు కావలసిన సంగతులు రెండును ఉన్నవి. చిగురు చెడుటకు మూడువారములు చాలును. ఆరంభదశలో బాగుపడుటకు ఒక్క వారము చాలును.

అయితే ఆరంభదశ దాటినచో లెక్క మారును. నా వృత్తిభాషలో చెప్పెదను. చిగురు మాత్రము వాచియున్నంత వరకు అది వడ్డీబాకీ. కట్టివేసినచో పత్రము తిరిగి చేతికి వచ్చును. వాపు లోపలికి దిగి గాడి లోతెక్కి ఎముక కరుగ మొదలిడినదా, ఇక అది అసలునుండి పోవుచున్నట్లు. అప్పుడు వైద్యము చేసినచో నష్టమును అచ్చటనే నిలుపవచ్చును గాని కరగిన యెముక వెనుకటివలె తిరిగి రాదు. కొన్ని చోట్ల శస్త్రచికిత్సతో కొంత పూడ్చగలరు, అంతయు కాదు. ఈ బాకీకి ముందుగా వచ్చు నోటీసు రక్తము. తోమునపుడు ఉమ్మిలో ఎఱ్ఱజీర కనబడుట, జామకాయ కొరికినపుడు దానిమీద రక్తపుచుక్క అంటుట, ఇవియే ఆ నోటీసు. పిమ్మట నోటివాసన, చిగురు క్రిందికి జారి పండ్లు పొడవుగా కనబడుట, సందులు విడుట, నొక్కినచో చీము, కడపట కదలిక. మనవారేమి చేయుదురు? రక్తము కనబడగానే ఆ చోట తోముట మానుదురు. నోటీసు తెచ్చినవానిని చూచి తలుపు వేసికొన్నట్లు! రక్తము వచ్చు చోటనే మెత్తగా, శ్రద్ధగా తోమవలెను. రెండువారములైనను ఆగనిచో వైద్యునికి చూపవలెను.

మొన్న రచ్చకట్టవద్ద ఒకరు నన్ను ఎదుర్కొని, “మా తాత జన్మలో బ్రష్షు ముట్టలేదు. ఎనుబదియేండ్లకు చెరకు నమలినాడు. దీనికేమందువు?” అనిరి. న్యాయమైన ప్రశ్న. దీనికి ఉత్తరము సింహళద్వీపమున దొరకినది. ఆ లో పండితుడే, తన తోటివారితో కలసి, 1970 మొదలు 1985 వరకు అచ్చటి తేయాకుతోటల కూలీలు 480 మందిని గమనించెను. వారికి పండ్లు తోముకొను అలవాటు లేదు, దంతవైద్యుడన్నవాడు దొరకడు. అందరికిని పాచి, గార, చిగుళ్ళవాపు ఉండెను. అయినను నూటికి 11 మందికి వ్యాధి వాపుతోనే ఆగిపోయినది. 81 మందికి మెల్లమెల్లగా ఎముక నశించినది. 8 మందికి అతివేగముగా నశించి, నలుబదియైదేండ్లకే పండ్లు దాదాపు అన్నియు పోయినవి. అనగా శరీరతత్త్వమును బట్టి భేదమున్నది. మీ తాతగారు ఆ పదునొకండ్రలో నొకరు కావచ్చును. మీరు ఏ లెక్కలోనివారో ముందుగా ఎవరు చెప్పగలరు?

ఇక నాకిష్టమైన గ్రంథముల మాట. సుశ్రుతసంహిత నిదానస్థానమున ముఖరోగములు 65 అని లెక్కించి, అందులో 15 దంతమూలమునకు, అనగా చిగుళ్ళకు సంబంధించినవని చెప్పిరి. కారణము లేకయే చిగుళ్ళనుండి రక్తము కారుచు, అవి మెత్తబడి, నల్లబడి, కుళ్ళుటను శీతాదమనిరి. చీమునెత్తురు కారి పండ్లు కదలుటను దంతవేష్టమనిరి. మన తాతలనాటి పత్రికలలో ‘పయోరియా’కు మందని ప్రకటనలు వేయుచుండిరే, ఆ వ్యాధి లక్షణము ఇదియే. సూక్ష్మజీవుల సంగతి వారికి తెలియదు. కఫమనియు దుష్టరక్తమనియు కారణము చెప్పిరి, అది నేడు నిలువదు. కాని కన్నుతో చూచినదానిని ఉన్నదున్నట్లు వ్రాసిరి.

అంతకంటె విశేషము గార సంగతి. పండ్లమీది మలము గట్టిపడి ఇసుకరాళ్ళవలె అగుటను దంతశర్కర యనిరి. చికిత్సాస్థానమున దానికి చెప్పిన వైద్యమేమనగా, పంటిమూలమునకు హాని కలుగకుండ వైద్యుడు పనిముట్టుతో ఆ శర్కరను తొలగింపవలెను! అనగా నేడు దంతవైద్యశాలలో ‘క్లీనింగు’ అని మనము పిలుచుకొను పనియే. ఇది నిన్న మొన్న వచ్చిన వింతయని భయపడువారు గమనింతురు గాక.

ఆ భయమును గూర్చి కొంత చెప్పవలసియున్నది, ఏలయనగా మన పల్లెలలో పండ్లను పోగొట్టుచున్నది వ్యాధికంటె ఈ భయమే. “గార తీయించినచో పండ్లు వదులగును, సందులు పడును” అందురు. పై పన్ను తీయించినచో కంటిచూపు పోవునని మరియొక మాట. కంటినరము వేరు, పంటినరము వేరు. పన్ను తీయించుటవలన చూపు పోదు. వదులు సంగతి వినుడు. ఏండ్లతరబడి గార పేరుకొని పండ్లసందులను సిమెంటువలె పూడ్చియుండును. దాని చాటున ఎముక అప్పటికే కరగియుండును. గార తీసిన వెంటనే ఉన్న సందు కనబడును, ఉన్న కదలిక తెలియును. కొన్ని దినములు చల్లనీటికి జివ్వుమనును. వాచిన చిగురు తగ్గి పంటిని పట్టుకొన్న పిదప ఇది చాలవరకు సర్దుకొనును. కూలుచున్న గోడమీది సున్నము గీచినవానిని “నీవే గోడ పగులగొట్టితివి” అనుట న్యాయమా?

పన్ను అరగిపోవునందురు మరికొందరు. ఆళ్లగడ్డకు పోయి అచ్చటి శిల్పుల పందిళ్ళలో ఒక పూట నిలుచుండుడు. రాతిమీద పట్టిన పెచ్చును తీయునపుడు ఉలి పట్టు పట్టు వేరు, ముఖము చెక్కునపుడు పట్టు వేరు. చేతికి రాయేదో పెచ్చేదో తెలియును. అభ్యాసముగల దంతవైద్యునికి పంటిపింగాణియు గారయు అట్లే తెలియును. అయితే సంతలో చాపమీద కూర్చుండి ఏదో ద్రావకము పూసి క్షణములో పండ్లు తెల్లగా చేయువారిని నమ్మరాదు. ఆమ్లద్రావకము తెలుపుతో బాటు పింగాణిని కూడ తినివేయును.

పొగాకు మాట చెప్పుట నాకు కష్టము. నంద్యాల పరిసరములలో బీడీపొగాకు పండించి బ్రతికిన కుటుంబములు కలవు. నంద్యాల వ్యవసాయ పరిశోధనస్థానమున ఆ పంటకు వంగడములు సైతము రూపొందినవి. పంటను నేను నిందింపను, కాని నోటి లెక్క నోటిదే. బీడీ, చుట్ట, సిగరెట్టు త్రాగువారికి చిగుళ్ళవ్యాధి అధికముగా వచ్చును, వచ్చినది త్వరగా ముదురును, చికిత్స చేసినను మందముగా మానును. ఇందు మోసమొకటి యున్నది. పొగాకులోని నికోటిన్ రక్తనాళములను కుంచింపజేయుటచే చిగుళ్ళనుండి రక్తము తక్కువగా వచ్చును. నేనింతకుముందు చెప్పిన నోటీసే అందదు! “నాకు రక్తము రాదు, నా చిగుళ్ళు భేషు” అని బీడీ త్రాగువాడు అనుకొనరాదు. ఖైనీ, గుట్కా దవడలో ఒకే చోట ఉంచుకొనువారికి అచ్చటి చిగురు జారిపోవుటయే గాక అంతకు మించిన అపాయము కలదు. నోటిలో తెల్లనిమచ్చగాని, పుండుగాని రెండువారములకు మానకున్నచో అది చిగుళ్ళవ్యాధి యని కాలము గడుపక వెంటనే చూపింపవలెను. పొగాకు పొడితో పండ్లు తోముకొను అలవాటు కొందరు ఆడవారిలో నున్నది. తోమినట్లు తోచునే గాని అది రోజును విషమును రుద్దుకొనుటయే.

చక్కెరవ్యాధి మన ఊళ్ళలో ఇంటింట కనబడుచున్నది. ఆ వ్యాధిగలవారికి చిగుళ్ళజబ్బు వచ్చు అవకాశము ఇతరులకంటె సుమారు మూడు రెట్లు. అంతియే కాదు, చిగుళ్ళలో వాపు ఉన్నంతకాలము రక్తములోని చక్కెరను అదుపునకు తెచ్చుట మరింత కష్టమగును. చిగుళ్ళకు చికిత్స చేసినచో మూడునెలల చక్కెర పరీక్షలో అంకె కొంత దిగుట పరిశోధనలలో తేలినది. మాత్రలు మార్చి మార్చి విసిగినవారు ఒకసారి నోరు కూడ చూపించుకొందురు గాక. మూర్ఛకు వాడు ఫెనిటాయిన్ మందువలనను, రక్తపుపోటుకు వాడు కొన్ని మందులవలనను చిగుళ్ళు ఉబ్బి పండ్లమీదికి పెరుగవచ్చును. అట్లైనచో తమంతట తాము మందు మానరాదు, ఇచ్చిన వైద్యునికే చెప్పవలెను. గర్భిణులకు చిగుళ్ళు త్వరగా వాచును. ఆ నెలలలో పండ్లు తోముట తగ్గింపరాదు. నాలుగు మొదలు ఆరవ నెల వరకు గార తీయించుకొనుటకు అనువైన కాలము.

ఇక చేయవలసిన పని. చరకుడు దినమునకు రెండుసార్లు పండ్లు తోమవలెననెను. సుశ్రుతుడు మెత్తని కుంచెతో, ఒక్కొక్క పంటిని వేరువేరుగా రుద్దవలెననెను. చిగుళ్ళకు హాని చేయరాదని ఇద్దరును చెప్పిరి. నేటి దంతవైద్యుడు చెప్పునదియు ఇదియే గదా! మనము ఉదయము తోముదుము. రెండవసారి, అనగా రాత్రి పరుండబోవుటకు ముందు, తోముట మనకు అలవాటు కాలేదు. నిద్రలో ఉమ్మి తక్కువగా ఊరుటచే పాచికి రాత్రియే పండుగ. రెంటిలో ఒకటే చేయగలవారు రాత్రిపూటను విడువకుందురు గాక.

కుంచె మెత్తనిదై యుండవలెను. పోచలు చిగురంచునకు ఏటవాలుగా ఆనించి, చిన్న కదలికలతో, తొందర లేక రెండు నిమిషములు త్రిప్పవలెను. గిన్నెలు తోమినట్లు అడ్డముగా గట్టిగా రాచినచో చిగురు జారి, పంటిమొదట గాడి పడును. బొగ్గు, ఇటుకపొడి, ఇసుక, బూడిద పనికిరావు. వేపపుల్ల తప్పు కాదు. చేదుచెట్లలో వేప శ్రేష్ఠమని సుశ్రుతుడే చెప్పెను, కానుగను సైతము మెచ్చెను. కాని కొనను బాగుగా నమిలి కుంచెవలె చేసికొనవలెను, లోపలివైపు గూడ తోమవలెను. మనవారు పుల్లను ముందుపండ్లమీద ఆడించుచు ఊరంతయు తిరిగి వత్తురు, దవడపండ్లకు దాని దర్శనమే లేదు. పండ్లసందులలో ఏ కుంచెయు చొరదు. వానికి ప్రత్యేకముగా సన్నని దారమును, చిన్న సందుకుంచెలును మందులయంగళ్ళలో దొరకును. గుండుసూదితోను, చీపురుపుల్లతోను పొడుచుకొనుట మానవలెను. ఉప్పునీరు పుక్కిలించుట, నూనె పుక్కిలించుట వాచిన చిగురుకు హాయినిచ్చును. గట్టిపడిన గారను మాత్రము ఏ నీరును, ఏ పొడియు, ఏ పేస్టును కరగింపలేవు. దానికి పనిముట్టే గతి.

సంవత్సరమునకొకసారి, చక్కెరవ్యాధియు పొగాకు అలవాటును ఉన్నవారు ఆరునెలలకొకసారి, పండ్లు చూపించుకొనుట మంచిది. నంద్యాల 2022లో జిల్లాకేంద్రమైనది, 2023లో అచ్చట ప్రభుత్వ వైద్యకళాశాల మొదలైనది. పూర్వమువలె ప్రతిదానికి కర్నూలు పోవలసిన పని తగ్గినది. విత్తనములకో, ఎరువులకో నంద్యాలకు పోయినపుడు ఒక గంట దీనికై ఉంచుకొనవచ్చును. ముఖము వాచి, జ్వరము వచ్చి, మ్రింగుట కష్టమైనచో మాత్రము సంతదినము వరకు ఆగరాదు. ఆ దినమే పోవలెను.

కట్టుడుపండ్లున్న పెద్దలు ఆ పండ్లను రాత్రి తీసి, తోమి, నీటిలో నుంచి, బోసిచిగుళ్ళను మెత్తనిబట్టతో తుడుచుకొనవలెను. పండ్లు లేనంతమాత్రమున చిగుళ్ళ పని ముగియదు.

ప్రశ్నలున్నవారు సభానంతరమున అడుగవచ్చును. నాకు తెలిసినది చెప్పెదను. తెలియనివి కాగితముమీద వ్రాసియిచ్చినచో, ఈసారి నంద్యాల పోయినపుడు దంతవైద్యుని అడిగి, ఉత్తరములను మన పఠనమందిరపు బల్లమీద ఉంచెదను.